మంచాన పడితే ఎవరు చూస్తారు, ఎంత దాచుకోవాలి? నన్నడిగితే ముందు బాత్రూం తలుపు చూడండి

మీ ప్రశ్న చదివాను. వయసు యాభైకి దగ్గరపడింది, పిల్లల్లేరు, ముసలితనంలో మంచాన పడితే ఎలా అని భయం, దానికి ఎంత వెనకేసుకోవాలి అని అడిగారు. "ఎలాగూ మా అన్నయ్య పిల్లలున్నారనుకోండి" అని చివర్లో ఒక ముక్క కలిపారు. డబ్బు లెక్కలు చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. నేను ఆ జోలికి పోను. లేచి వెళ్ళి మీ బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో చూసి రండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నవ్వుకోకండి. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి, ఒక మనిషి ఇంకొకరి మీద ఎంతవరకు ఆధారపడ్డాడో తేల్చడానికి ఆరు పనులు పెట్టుకున్నారు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఇప్పటికీ డాక్టర్లు ఇవే అడుగుతారు. మామూలుగా మొదట చేజారేది స్నానం, ఆఖరిదాకా నిలిచేది తినడం. మనమేమో "నోట్లో ముద్ద పెట్టేవాళ్ళు ఉంటే చాలు" అనుకుంటూ ఉంటాం. ఆ ముద్ద దాకా రావడానికి ముందు ఎన్నేళ్ళు బాత్రూంలో గడుస్తాయో ఎవరూ చెప్పరు.

మా మామయ్యగారికి అప్పటికి ఎనభై దాటాయి. తన పనులన్నీ తనే చేసుకునేవారు, ఎవరైనా చెయ్యి అందిస్తే విదిలించుకునేవారు. ఒకరోజు పొద్దున్నే స్నానానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. అత్తయ్య రెండుసార్లు పిలిచారు. కుళాయి చప్పుడు తప్ప జవాబు లేదు. మూడోసారికి సన్నగా మూలుగు వినిపించింది. లోపల గడియ. మా ఆయన భుజంతో నెడితే గడియ ఊడింది గానీ తలుపు నాలుగు వేళ్ళంత కదిలి ఆగిపోయింది. మామయ్యగారు సరిగ్గా తలుపుకి అడ్డంగా పడి ఉన్నారు, భుజం దానికే ఆనుకుని ఉంది. గట్టిగా నెడితే ఆయనకే తగులుతుంది. ఆ సందులోంచి నాకు కనిపించింది తడిసిన తల వెనకభాగం, కొంచెం టవలు అంచు. మా మరిది "తలుపే పీకేద్దాం" అన్నాడు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బందులు కూడా లోపలే ఉంటాయి, బయట స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి చేసేదేమీ లేదు. వెంటిలేటర్‌లోంచి పిల్లిపిల్ల తప్ప ఏదీ దూరదు.

చివరికి వడ్రంగి వచ్చి తలుపు పైభాగం రంపంతో కోశాడు. ఆ రంపం చప్పుడు ఆగిన ప్రతిసారీ "నాన్నా, వింటున్నారా" అని మా ఆయన అడగడం, అవతలి నుంచి "ఊ" అనడం. కోసిన కంతలోంచి బక్కగా ఉండే మా మరిదే లోపలికి దిగాడు. మామయ్యగారు అన్న మొదటి మాట, "నన్ను లేపడం తర్వాత, ముందు ఆ టవలు సరిగ్గా కప్పరా" అని.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన రాత్రి ఆయన మా ఆయన్ని పట్టుకుని చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచారు, సెలైన్ ట్యూబు పీకబోయారు. పెద్ద వయసులో ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఈ మతిభ్రమ చాలామందికి వస్తుందట, ఎక్కువమందికి తగ్గిపోతుందట. మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి అంత హడలిపోయేవాళ్ళం కాదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు నిండా ఉన్నాయి, మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలో ఒక్క ముక్క లేదు. వార్డులో పనిచేసే ఒకావిడ దయతలచి చూపించింది: చేతులు పట్టి లాగొద్దు, నడుం దగ్గర పట్టుకో, కుర్చీని బలం ఉన్న కాలి వైపు పెట్టు అని.

ఇప్పుడు మీ డబ్బు లెక్కకి వస్తాను. కదలలేని మనిషికి వీపు కింద, మడమల దగ్గర పుండ్లు పడకుండా దాదాపు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటారు. అంటే రోజుకి పన్నెండు సార్లు. అందులో నాలుగు నిద్రవేళలో. ఎంత దాచుకున్నారన్నది సరే, రాత్రి రెండింటికి లేచేది ఎవరు? "ఇంట్లో ఎవరో ఒకరు చూసుకుంటారు" అంటారు చూడండి, ఆ ఎవరో ఒకరు ప్రతి ఇంట్లోనూ కోడలో కూతురో. మా ఆయన అన్నదమ్ములు మంచివాళ్ళే, ఫోన్‌లో బోలెడు సలహాలు ఇచ్చారు.

"అమెరికాలో అయితే గవర్నమెంటే చూసుకుంటుంది" అనేవాళ్ళ మాటా నమ్మకండి. అక్కడ ముసలివాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కూడా ఏళ్ళ తరబడి స్నానం చేయించడానికి, బట్టలు తొడగడానికి పెట్టిన మనిషికి డబ్బివ్వదు. దీన్ని విడిగా బీమాలా ఆలోచించింది జర్మనీ 1995 నుంచి, జపాన్ 2000 నుంచి. జపాన్‌లో నలభై ఏళ్ళు రాగానే ప్రీమియం కట్టడం మొదలవుతుంది. మీరు తీసుకున్న ఆరోగ్య బీమా ఆసుపత్రి ఖర్చుకా, ఇంటికొచ్చాక కూడానా అని ఒకసారి పాలసీ తీసి చదవండి.

ఇంకో తలనొప్పి. మామయ్యగారు ఐసీయూలో ఉంటే ఆయన డబ్బు ఆయనకే అందలేదు. ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తుంది, ఫోన్ తాళం ఆయన బుర్రలో ఉంది. నామినీ పేరు చూపిస్తే బ్యాంకువాళ్ళు అది మనిషి పోయాక పనికొచ్చేదన్నారు. జాయింట్ ఖాతా ఒకటి ఉండాల్సింది. మన బదులు ఇంకొకరు పనులు జరిపించడానికి రాసిచ్చే మామూలు పవర్ ఆఫ్ అటార్నీ కూడా, ఇచ్చిన మనిషికి మతి తప్పితే మన చట్టం ప్రకారం ఆగిపోతుంది. ఇంగ్లండులో తెలివి పోయాక కూడా చెల్లేలా ముందే రాసుకునే పత్రం ఉంది. మీరుండే చోట ఏది చెల్లుతుందో మంచి లాయర్ని అడిగి, తెలివిగా ఉన్నప్పుడే సంతకాలు కానివ్వండి.

బాత్రూంకి మేం చేసింది చెప్తాను. తలుపు బయటికి తిప్పించాం, గడియ బయట నుంచి కూడా తీయగలిగేది వేయించాం. గోడలోకి గట్టిగా దిగే పట్టు కడ్డీలు పెట్టించాం. టవల్ రాడ్ పట్టుకుంటే మనిషితో పాటు అదీ ఊడొస్తుంది. గుమ్మం వెడల్పు చేయించేసరికి సగం గోడ కొట్టాల్సి వచ్చింది. చక్రాల కుర్చీ సుఖంగా పోవాలంటే తలుపు తీశాక 32 అంగుళాల ఖాళీ ఉండాలి. మీరు ఇల్లు కట్టుకుంటున్నా, కొంటున్నా టేపు పట్టుకెళ్ళండి.

మీ అన్నయ్య పిల్లల సంగతి. వాళ్ళు చూస్తారని మీరు రాశారు, ఆ సంగతి వాళ్ళకి తెలుసా? ఈసారి కలిసినప్పుడు మొహమాటం పక్కనపెట్టి అడగండి, ఏ ఊళ్ళో ఉండబోతున్నారు, వారానికి ఎన్ని గంటలు రాగలరు అని. కుదరదన్నా కోపం తెచ్చుకోకండి. మీకు ఇంకా యాభై కూడా నిండలేదు, జీతానికి మనిషినో, సంరక్షణ ఉండే హోమ్‌నో నిదానంగా తిరిగి చూసుకునే టైం ఉంది.