మోజు తీరింది, వాయిదా తీరలేదు

ప్రశ్న: సార్, మాది ఖమ్మం. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నా. నాన్న నెలకు 11,000 పంపుతారు. శని, ఆదివారాల్లో స్కూల్ పిల్లలకు ఆన్‌లైన్‌లో కోడింగ్ చెప్పి ఇంకో 6,000 సంపాదిస్తా. అయినా 25వ తేదీ వచ్చేసరికి రూమ్‌మేట్ దగ్గర చేబదులు తప్పడం లేదు. నాకు గ్యాడ్జెట్ల పిచ్చి. ట్యాబ్, మెకానికల్ కీబోర్డు నాన్న క్రెడిట్ కార్డు మీద ఈఎంఐలో తీసుకున్నా. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ కొనాలని ఉంది. ధర 24,000. తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తున్నారు. వడ్డీ లేనప్పుడు తీసుకుంటే తప్పేంటి? మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత వేసే సిప్ మొదలుపెట్టమని కొందరు ఫ్రెండ్స్ అంటున్నారు. ఒకడైతే షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసి ఆ లాభంతో కొనుక్కోమన్నాడు. బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి వెళ్లాలని ప్లాన్. నా ఖర్చుల లెక్క, నా దగ్గరున్న వస్తువుల లిస్టు జత చేశాను.
– పేరు వద్దన్న ఒక విద్యార్థిని

జవాబు: మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నానమ్మా. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో ఖర్చులు ఇంత వివరంగా పంపేవాళ్లు తక్కువ. అందుకే ముందు ఆ లెక్క దగ్గరికే వెళ్దాం.

హాస్టల్ 7,500. బస్సు, మెట్రో 1,200. ఫోన్ రీచార్జి 300. బయటి తిండి 2,000. ఇక్కడికి 11,000. ట్యాబ్ వాయిదా 2,333, ఇంకా ఐదు నెలలుంది. కీబోర్డు వాయిదా 1,200, ఇంకా రెండు నెలలు. ఏఐ చాట్‌బాట్ 1,999, కోర్సుల యాప్ 499, ఓటీటీ 149, క్లౌడ్ స్టోరేజ్ 130, పాటల యాప్ 99. అన్నీ కలిపితే 17,409. వచ్చేది 17,000. అంటే చెప్పులు తెగకపోయినా, ఎవరి పుట్టినరోజూ రాకపోయినా నెలకు 409 తక్కువ పడుతోంది. నాన్న పంపేది గదికి, తిండికి, తిరగడానికి సరిగ్గా సరిపోతోంది. నువ్వు శని, ఆదివారాలు నిద్ర మానుకుని సంపాదించేది మొత్తం వాయిదాలకు, చందాలకు పోతోంది.

దీనికంటే నేను ఎక్కువసేపు చూసింది నీ రెండో కాగితం. ఏ వస్తువు ఎలా కొన్నావు, చివరిసారి ఎప్పుడు వాడావు అని గళ్లు గీసి మరీ రాశావు. డ్రోన్ రెండు వారాలు ఎగిరి, హాస్టల్ వెనక వేపచెట్టుకు తగిలి, ఒక రెక్క విరిగి మంచం కింద అట్టపెట్టెలో ఉంది. కీబోర్డు టకటకకు రూమ్‌మేట్‌కి నిద్ర పట్టక మళ్లీ ల్యాప్‌టాప్ మీదే టైప్ చేస్తున్నావు. నోట్స్ రాసుకోవడానికని కొన్న ట్యాబ్‌లో ఇప్పుడు భోంచేస్తూ సీరియళ్లు చూస్తున్నావు. రోజూ వాడుతున్నది ఒక్కటే, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. దాన్ని చిన్న సర్వర్‌గా మార్చి మీ ఫ్లోర్ మొత్తానికి నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అందులో పెట్టావట. శభాష్. అది ఎలా కొన్నావో కూడా నువ్వే రాశావు: ట్యూషన్ డబ్బు మూడు నెలలు దాచి, సెకండ్ హ్యాండ్‌లో. ఈఎంఐలో కొన్న రెండింటిలో ఒకటి మూలపడింది, రెండోది టీవీ అయింది. కూడబెట్టి కొన్నది మాత్రం ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తోంది.

డిగ్రీ చదివే రోజుల్లో నాకు యాంప్లిఫయర్ల పిచ్చి ఉండేది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక నెల ట్రాన్స్‌ఫార్మర్, ఇంకో నెల ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాతెప్పుడో క్యాబినెట్ కొనేవాణ్ని. చేతిలో డబ్బు లేక ఆగిపోయిన ఆ మధ్య నెలల్లోనే తేలిపోయేది, ఇది నాకు నిజంగా కావాలా, లేక పక్కింటివాళ్ల స్పీకర్లు విని పుట్టిన దురదా అని. సగం పిచ్చులు అక్కడే రాలిపోయేవి. అది నా తెలివేమీ కాదు, అప్పిచ్చే దిక్కు లేకపోవడం. నీకు ఆ మధ్య నెలలు లేవు. బటన్ నొక్కితే ఎల్లుండికి పెట్టె గుమ్మంలో ఉంటుంది. మోజు మూడు నెలల్లో దిగిపోతే వాయిదా మాత్రం ఆరో నెల, తొమ్మిదో నెల, పన్నెండో నెల దాకా తలుపు కొడుతూనే ఉంటుంది. గ్యాడ్జెట్లు మానేయమని నేను చెప్పను. ఈ వయసులో, ఈ చదువులో ఆ పిచ్చి ఉండాల్సిందే. ఆ మధ్య నెలల్ని వెనక్కి తెచ్చుకోమంటున్నాను, అంతే.

ఇక ప్రింటర్. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. అమ్మేవాళ్లు ఆ వడ్డీ మేరకు ధర తగ్గించి చూపిస్తారు, బ్యాంకు నీ దగ్గర వడ్డీ మామూలుగానే వసూలు చేస్తుంది. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. కార్డు మీద ఏడాదికి 16 శాతం అనుకుంటే నీ 24,000లో వడ్డీ భాగం సుమారు 1,520. దాని మీద 18 శాతం జీఎస్టీ 274 నువ్వే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే జీఎస్టీతో 235. వెరసి 500 పైచిలుకు. పెద్ద మొత్తం కాదు, నిజమే. అసలు ఇబ్బంది నెలకు 2,667 వాయిదా. అది కలిస్తే నీ ఖర్చు 20,076 అవుతుంది, రాబడి 17,000 దగ్గరే ఉంటుంది.

పైగా 24,000 మెషిన్ ధర మాత్రమే. మా తమ్ముడి కొడుకు దగ్గర ఒకటుంది కాబట్టి మిగతా కథ నాకు తెలుసు. ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ, పీఎల్‌ఏ ఫిలమెంట్, కిలో రీలు వెయ్యి రూపాయల దాకా ఉంటుంది. వానాకాలం తేమ పట్టిందంటే ప్రింటయ్యేటప్పుడు చిటపటలాడుతుంది, బొమ్మ చుట్టూ సాలెగూడులా పోగులు వేలాడతాయి. మొదటి పొర బెడ్‌కి, అంటే కింది పలకకి, సరిగ్గా అతుక్కోలేదా, రాత్రంతా తిరిగిన ప్రింట్ పొద్దున లేచి చూస్తే సేమియా ముద్ద. వాడు మొదటి రీలులో సగం అలా చెత్తబుట్టలో వేశాడు. ఒక్కో ప్రింట్ ఐదారు గంటలు నడుస్తుంది. కీబోర్డు చప్పుడికే నిద్రపట్టని అమ్మాయి పక్కన ఇది పెడతానంటావు! వార్డెన్ సంగతి సరేసరి.

ముందు వేరేవాళ్ల మెషిన్ మీద నీ మోజుని పరీక్షించు. మీ కాలేజీ ల్యాబ్‌లో ఉంటే అక్కడ. లేదా రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రారంభించిన టీ-వర్క్స్ ఉంది, నమూనాలు తయారు చేసుకోవడానికే కట్టిన కేంద్రం. విద్యార్థులకు ఫీజు ఎంతో, ఏమేం వాడనిస్తారో ఫోన్ చేసి కనుక్కో. ఫైలు పంపితే గ్రాముల లెక్కన ప్రింట్ చేసిచ్చే షాపులూ నగరంలో ఉన్నాయి. నీ రాస్ప్‌బెర్రీ పైకి ఒక డబ్బా డిజైన్ చేసి ప్రింట్ చేయించుకో. అలా నాలుగైదు వస్తువులు చేశాక కూడా చేతులు దురద పెడుతుంటే అప్పుడు మెషిన్ గురించి మాట్లాడదాం.

నీ ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టింది ప్రింటర్ కాదు, నాన్న కార్డు. వాయిదా డబ్బు నువ్వు పంపుతున్నా అప్పు ఆయన పేరు మీద ఉంది. ఒక నెల నువ్వు ఆలస్యం చేసి, ఆయన బిల్లులో కనీసం కట్టాల్సిన మినిమమ్ డ్యూ మాత్రం కట్టి ఊరుకున్నారనుకో. కార్డుల మీద వడ్డీ చాలావాటికి నెలకు మూడున్నర శాతం, ఆపైన. ఏడాదికి నలభై దాటుతుంది. కొత్తగా చేసే ఖర్చులకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. గడువు తేదీ పూర్తిగా తప్పితే అప్పులు తీర్చే తీరుకి మార్కులేసే ఆయన సిబిల్ స్కోరు పడిపోతుంది. ఎంఎస్‌కి ఎడ్యుకేషన్ లోన్ అడిగేటప్పుడు నాన్నే కో-అప్లికెంట్ అవుతారు, బ్యాంకు చూసేది ఆయన స్కోరే. 30 లక్షల లోన్ మీద అర శాతం వడ్డీ పెరిగినా ఏడాదికి 15,000. నీ ప్రింటర్‌లో సగం పైనే.

చందాల పని ఈ రాత్రికే అయిపోవాలి. కోర్సుల యాప్ జనవరిలో ఫోన్‌లోంచి తీసేశానని, అయినా 499 పోతోందని రాశావు. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదమ్మా. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి ఆ మాండేట్‌ని, అంటే నువ్విచ్చిన అనుమతిని, రద్దు చేయాలి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. మెసేజ్ వచ్చే ఉంటుంది, ఆఫర్ల మెసేజ్‌లలో కలిసిపోయి ఉంటుంది. ఏఐ చాట్‌బాట్ ప్రాజెక్టు నడిచే నెలలో డబ్బు కట్టి వాడుకో, మిగతా నెలల్లో ఫ్రీ వెర్షన్ చాలు. కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే స్టూడెంట్ డెవలపర్ ప్యాక్‌కి అప్లై చేశావా? నీ లిస్టులో కనిపించలేదు. పాటలు, ఓటీటీ ఉండనీ. 248 రూపాయల దగ్గర నేను పిసినారిని కాలేను.

కోర్సుల యాప్, చాట్‌బాట్ రెండూ ఆపితే, ప్రాజెక్టు నెలల్ని పక్కన పెట్టి చూస్తే, నెలకు 2,498 మిగులుతుంది. అంటే 409 లోటు పోయి, చేతిలో 2,089. కీబోర్డు వాయిదా అయిపోగానే అది 3,289. ట్యాబ్ కూడా అయ్యాక 5,622. మొదటి ఐదు నెలల్లో పోగయ్యేది 14,045. అందులో 10,000 ముట్టుకోవద్దు. పరీక్షల నెలలో ట్యూషన్లు ఆగిపోతే, ల్యాప్‌టాప్ పాడైతే అది కావాలి. మిగిలిన 4,045ని వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి, దానికి యూపీఐ లింక్ చేయకు. అదే నీ గ్యాడ్జెట్ల ఖాతా.

మూలపడ్డవి అమ్మెయ్. డ్రోన్, కీబోర్డు కలిపి ఐదు వేలు వస్తాయనుకుందాం. అవీ గ్యాడ్జెట్ల ఖాతాలోకే. బిల్లు, అసలు పెట్టె ఉంటే ధర కాస్త నిలుస్తుంది. ఆలస్యం చేసిన కొద్దీ కొత్త మోడళ్లు వచ్చి పడిపోతుంది. కొనేవాడు డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడంటే ఫోన్ పెట్టెయ్. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ఆరో నెల నుంచి 5,622లో 2,500 రికరింగ్ డిపాజిట్‌కో, నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్ సిప్‌కో పంపు. ఎంఎస్ అప్లికేషన్ ఫీజులకు, పరీక్షలకు ఏడాదిలోపే డబ్బు కావాలి కాబట్టి నా ఓటు ఆర్‌డీకే. సిప్ రుచి చూడాలనుకుంటే అందులో 500 చాలు. మిగిలిన 3,122 గ్యాడ్జెట్ల ఖాతాకి. అక్కడ అప్పటికే 9,045 ఉంటుంది, ఇంకో ఐదు నెలల్లో 24,000 దాటుతుంది. ఈఎంఐలో అయితే తొమ్మిది నెలలు కడతావు, ఇలా అయితే పది నెలలకు మొత్తం డబ్బు పెట్టి కొంటావు. తేడా ఒక్క నెల! పైగా ఈ దారిలో పది వేల నిల్వ, ఆర్‌డీ కూడా నీ దగ్గరుంటాయి.

ఆప్షన్స్ సలహా ఇచ్చిన ఫ్రెండ్‌కి ఒక్క మాట చెప్పు. 2021-22 నుంచి 2023-24 వరకు ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తన అధ్యయనంలో బయటపెట్టింది. నష్టపోయినవాళ్లకు ఖర్చులతో కలిపి ఒక్కొక్కరికి సగటున 2 లక్షల దాకా పోయాయి. వాడు ఆ మిగిలిన ఏడు శాతంలో ఉన్నానంటే స్టేట్‌మెంట్ చూపించమను, స్క్రీన్‌షాట్ కాదు.

డ్రోన్ అమ్మేముందు ఆ విరిగిన రెక్క మార్చి, ఫొటో వెలుతురులో తియ్యి. ఎంతకి పోయిందో నాకు రాయి.