సైన్యం పెద్దదైతే మాట చెల్లుతుందా: తంబుచెట్టి వీధి నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న ఇది: “అంతర్జాతీయ సంబంధాలలో రియలిజం (దేశాల మధ్య చివరికి నడిచేది బలమే అనే సిద్ధాంతం) చెప్పినట్టు, సైనిక బలం ఎక్కువగా ఉన్న దేశం మాటే చివరికి చెల్లుతుందా?”

చెల్లదని నా అభిప్రాయం. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదివే రోజుల్లో ఇదే ప్రశ్నకు చెల్లుతుందని పది పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తరువాత ఒంగోలు నుంచి చెన్నై వచ్చి, జార్జిటౌన్‌లోని తంబుచెట్టి వీధిలో, ఎగుమతిదారుల సరుకును ఓడకెక్కించే ఒక చిన్న ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా అభిప్రాయం మారింది ఈ ఆఫీసులోనే.

2023 డిసెంబరు మొదటి వారంలో మా జిల్లాకే చెందిన ఒక చీమకుర్తి వ్యాపారి సరుకును రెండు కంటెయినర్లలో చెన్నై రేవు నుంచి పంపించాము. పోలండులోని గ్డీనియా రేవుకు చేరవలసిన సరుకు అది. సమాధుల మీద పరచడానికి మెరుగుపెట్టిన నల్ల గెలాక్సీ గ్రానైట్ పలకలు, ఒక్కొక్క కంటెయినరులో 26 టన్నులు. కొలంబోలో ఓడ మారి, ఎర్రసముద్రం, సూయజ్ కాలువ మీదుగా వెళ్లాలి. అప్పటికే నవంబరు 19న యెమెన్‌లోని హౌతీలు అనే సాయుధ వర్గం వాళ్లు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు గాని, మా వీధిలో ఎవరూ దానిని పెద్దగా పట్టించుకోలేదు. డిసెంబరు మధ్యలో పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి ఎర్రసముద్రం దారిని ఆపివేశాయి. మా సరుకున్న ఓడ కూడా ఆఫ్రికా దక్షిణపు కొస నుంచి, అంటే గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళుతుందని, కంటెయినరుకు ఇంత చొప్పున అదనపు సర్‌ఛార్జి కట్టాలని ఒక ఈమెయిల్ వచ్చింది. ఫ్రైట్, అంటే ఓడ కిరాయి, మొత్తం ముందే చెల్లించి, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని కంపెనీ ఇచ్చే పత్రం) చేతికొచ్చిన సరుకు మీద మళ్లీ డబ్బు అడగడం న్యాయమా అని నేను ఎన్ని ఉత్తరాలు రాసినా, ఆ కంపెనీ నుంచి వచ్చిన సమాధానం ఒక్కటే: సర్‌ఛార్జి కడితేనే అక్కడ సరుకు విడుదల చేస్తాము. ఆ అన్యాయం గురించి విడిగా రాయాలి. ఇక్కడ ఇంతటితో వదిలేస్తున్నాను.

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు ఆ వ్యాపారి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మా ఆఫీసుకు వచ్చారు. సరుకు చేరిన ముప్పై రోజులకు డబ్బు వచ్చేలా ఒప్పందం చేసుకున్న మనిషి ఆయన. ఓడ ఎన్ని రోజులు ఆలస్యమైతే, బ్యాంకు అప్పు మీద అన్ని రోజుల వడ్డీ ఆయన నెత్తిన పడుతుంది. మా గోడ మీద ప్లాస్టిక్ పూత వేసిన పాత ప్రపంచ పటం ఒకటి ఉంది. వచ్చిన ప్రతి ఎగుమతిదారుకూ దారి చూపించడానికి ఏళ్ల తరబడి వేళ్లు పెట్టడం వల్ల సూయజ్ దగ్గర పూత అరిగి తెల్లబడింది; ఆఫ్రికా కొస దగ్గర మాత్రం కొత్త పటంలా నిగనిగలాడుతూ ఉంది. ఆయన ఆ తెల్లటి మచ్చ మీద వేలు పెట్టి అడిగారు.

“తమ్ముడూ, ఆ హౌతీలకు నౌకాదళం ఉందా?”

“చెప్పుకోదగ్గది ఏమీ లేదన్నా. చిన్న పడవలు, డ్రోన్లు, క్షిపణులు ఉన్నాయి.”

“అమెరికా వాళ్ల యుద్ధనౌకలు అక్కడే ఉన్నాయంట. మొన్న బాంబులు కూడా వేశారని టీవీలో చూశా. అంత బలగం అక్కడుంటే, మన రాళ్లు ఇంత దూరం ఎందుకు తిరగాలి?”

ఆయన చూసినది నిజమే. డిసెంబరు 18న అమెరికా ఆ దారి రక్షణకు కొన్ని దేశాలతో కలిసి నౌకా కూటమిని ప్రకటించింది. జనవరి 12న అమెరికా, బ్రిటన్ కలిసి యెమెన్ మీద దాడులు మొదలుపెట్టాయి. అయినా కంటెయినరు ఓడలలో ఎక్కువ భాగం మళ్లీ ఆ దారికి రాలేదు. ఆయన వేలు సూయజ్ నుంచి కిందికి జారి, ఆఫ్రికా పడమటి తీరం వెంట నెమ్మదిగా పైకి వెళుతుంటే, పరీక్షలో నేను రాసిన పది పేజీలలో ఆయన ప్రశ్నకు జవాబుగా పనికివచ్చే వాక్యం ఒక్కటైనా ఉందా అని గుర్తుచేసుకున్నాను. లేదు.

ఎందుకు లేదో చెబుతాను. రియలిజానికి కొత్త రూపమైన నియోరియలిజానికి పునాది వేసిన కెన్నెత్ వాల్ట్జ్ 1979లో దేశాల బలాన్ని కొలవడానికి జనాభా, భూభాగం, వనరులు, ఆర్థిక శక్తి, సైనిక బలం, రాజకీయ స్థిరత్వం, సామర్థ్యం అని లెక్క చెప్పారు. ఈ లెక్క అంతా ఎవరి దగ్గర ఏముంది అన్న దాని చుట్టూనే తిరుగుతుంది. ఎవరు ఎవరికి ఎంత నష్టం తెచ్చిపెట్టగలరు, ఆ నష్టాన్ని ఎవరు ఎంతకాలం భరించగలరు అన్న సంగతికి ఇందులో చోటు తక్కువ. మరో రియలిస్టు జాన్ మియర్‌షైమర్ సముద్రాన్ని ప్రధానంగా సైన్యాలను అడ్డుకునే నీటి గోడగా చూశారు. రేవు పక్కన బతికేవాళ్లకు సముద్రం గోడ ఎలా అవుతుంది? అది మాకు బజారుకు వెళ్లే దారి, ఆ దారిలో ఓడ నడవాలా వద్దా అన్నది తేల్చేది ఒక్క అడ్మిరల్ కాదు. ఎర్రసముద్రంలో ప్రమాదకర ప్రాంతం ఎంతవరకు అన్న జాబితాను లండన్ బీమా మార్కెట్‌లోని జాయింట్ వార్ కమిటీ డిసెంబరులో విస్తరించింది. యుద్ధ బీమా ప్రీమియం అమాంతం పెరిగింది. ఇక షిప్పింగ్ కంపెనీ మేనేజరు లెక్క వేసుకుంటే, పది పన్నెండు రోజులు ఎక్కువైనా చుట్టు దారే మేలనిపించింది. డ్రోన్లను కూల్చడానికి యుద్ధనౌకలు లక్షల డాలర్ల క్షిపణులు వాడుతూనే ఉన్నాయి. కాని వంద డ్రోన్లను కూల్చినా, నూట ఒకటోది తగులుతుందేమోనన్న భయాన్ని కూల్చలేకపోయాయి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. మా ఆఫీసు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, హైకోర్టు ప్రహరీ దగ్గర, ఎండెన్ అనే నౌక పేల్చిన గుండు తగిలిన చోటని తెలిపే రాతి పలక ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి కార్ల్ ఫాన్ ముల్లర్ నడిపిన ఆ జర్మన్ యుద్ధనౌక చెన్నపట్నం ముందు నిలబడి, సుమారు అరగంటసేపు కాల్పులు జరిపి, బర్మా ఆయిల్ కంపెనీ కిరోసిన్ ట్యాంకులను తగలబెట్టి చీకట్లో మాయమైంది. సైనికంగా చూస్తే బ్రిటిష్ సామ్రాజ్యానికి అది గోరంత గాయం. కాని ఆ ఒక్క నౌక భయానికి బంగాళాఖాతంలో వ్యాపార నౌకలు రేవులు విడవలేదు, బీమా ధరలు పెరిగాయి, పట్నంలో జనం ఇళ్లు విడిచి వెళ్లారు, దానిని వెతకడానికి మిత్రపక్షాలు ఎన్నో నౌకలను పంపవలసి వచ్చింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దానిని దెబ్బతీసేవరకు ఆ వెతుకులాట ఆగలేదు. గట్టి పిండం లాంటి మనిషిని ఇప్పటికీ తమిళులు ‘ఎమ్డన్’ అంటారు. వ్యాపార నౌకల మీద దాడులు అనుబంధంగా పనికివస్తాయే గాని, వాటితోనే యుద్ధం గెలవాలనుకోవడం భ్రమ అని అమెరికా నౌకా వ్యూహకర్త ఆల్ఫ్రెడ్ మహాన్ 1890లో రాశారు. జర్మనీ ఓడిపోయింది కాబట్టి గెలుపు విషయంలో ఆయన మాట తప్పని నేననను. కాని గెలవలేనివాడు కూడా గెలిచేవాడి చేత భారీ మూల్యం కట్టించగలడు, ఆ మూల్యం కట్టించగలగడం కూడా అధికారమే.

దీనికి రియలిస్టులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు: హౌతీల వెనుక ఇరాన్ ఉంది కాబట్టి ఇదీ దేశాల మధ్య పోటీయే అంటారు. ఆయుధాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడానికి ఆ మాట సరిపోతుంది. అంతకంటే ఎన్నో రెట్లు ఆయుధాలున్న దేశాలు ఎదురుగా నిలబడి కూడా ఆ దారిని తెరిపించలేకపోవడానికి అది కారణం చెప్పదు. కారణం అమెరికా రాజనీతి పండితులు రాబర్ట్ కోహేన్, జోసెఫ్ నై 1977లో చెప్పారు. ఒకరి మీద ఒకరు ఆధారపడినప్పుడు ఆ ఆధారం ఇద్దరికీ సమానంగా ఉండదు, ఎవరు తక్కువ ఆధారపడితే వారి చేతిలో అధికారం ఉంటుంది. కొండల్లో కూర్చున్న హౌతీలకు సూయజ్ దారి మూతపడితే పోయేది తక్కువ. చీమకుర్తిలో రాయి కోసేవాడికి, గ్డీనియాలో దాని కోసం ఎదురుచూసేవాడికి పోయేది ఎక్కువ.

ఇంకా వెనక్కి వెళితే, కౌటిల్యుడు రాజ్యానికి ఉండే ఏడు అంగాలను చెబుతూ దండం (సైన్యం) కంటే ముందు కోశాన్ని (ఖజానాను) పెట్టాడు. సైన్యానికి కలిగే ఆపదే పెద్దదన్న వాదాన్ని కాదని, సైన్యానికి మూలం కోశమే అని తేల్చాడు. మన కోచింగ్ నోట్సులలో ఆ ఏడు పేర్లను బట్టీ పట్టిస్తారు గాని, ఆ వరుస ఎందుకలా ఉందో చెప్పరు. టీవీలో యుద్ధం మాట వస్తే చాలు, రెండు దేశాల ట్యాంకులు, విమానాలు పక్కపక్కన పట్టిక వేసి విజేతను తేలుస్తారు. 2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లోకి నడిచి వచ్చిన తరువాత కూడా ఆ పట్టికల మీద నమ్మకం ఎలా మిగిలిందో నాకు అర్థం కాదు.

ఆ రెండు కంటెయినర్లు ఫిబ్రవరిలో చేరాయి. సర్‌ఛార్జి, వడ్డీ పోగా ఆ సరుకు మీద తనకు మిగిలింది ఏమీ లేదని ఆయన ఫోనులో చెప్పారు. 2025 మే నెలలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, హౌతీల మధ్య దాడులు ఆపే ఒప్పందం కుదిరింది. మరుసటి వారం ఆయన మళ్లీ గ్డీనియాకు రేటు అడిగితే, నేను ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లే రోజులే లెక్క కట్టి పంపాను. సూయజ్ మీదుగా రేటు ఇవ్వండని ఎన్ని షిప్పింగ్ కంపెనీలను అడిగినా ఒక్కటీ ఇవ్వలేదు.