కొండల ఎచింగ్‌లు చేస్తానంటోంది, తిండి పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. అరకు వెళ్లొచ్చాక కొండలే గీస్తోంది. బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ)లో చేరి ప్రింట్‌మేకింగ్‌లో, అంటే బొమ్మలు అచ్చుతీసే కళలో, ఎచింగ్‌లు చేస్తుందట. బొమ్మలంటే అంత ఇష్టమైతే యానిమేషన్ చేయమంటున్నాం. రెండిట్లో ఏది మేలు?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు కోర్సుల గురించి అడిగారు కానీ, మీ టెన్షన్ అంతా రేపు పిల్ల తన కాళ్ల మీద నిలబడగలదా అనే. ఆ భయం న్యాయమైనదే. కానీ ఎచింగ్ అంటే ఏమిటో ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా? అడగకుండానే వద్దన్నారని మీ ఉత్తరమే చెబుతోంది, అది తప్పు.

జింకు రేకు మీద మైనం పూత పూసి సూదితో గీస్తారు, యాసిడ్‌లో పెడితే గీసినచోట గాడి పడుతుంది, ఆ గాడిలో ఇంకు నింపి తడి కాగితం వేసి ప్రెస్‌లో తిప్పుతారు. దూరపు కొండలు లేతగా రావాలంటే కాసేపే యాసిడ్ తిననిచ్చి వాటిపై వార్నిష్ పూసేస్తారు, దగ్గరి బండలు చివరిదాకా తిని నల్లగా పడతాయి. నాలుగు వందల ఏళ్ల కిందట హాలండ్‌లో హెర్క్యులిస్ సెగర్స్ ఒకే రేకుతో, కాగితం కాగితానికీ రంగు మార్చి, ఒక్కోసారి బట్ట మీద కూడా రాతిలోయలు అచ్చుతీశాడు. అంతదూరం ఎందుకు, చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి ప్యారిస్‌లో ఒకే రేకు మీద, జిడ్డు తేడాలున్న ఇంకులతో, ఒక్క తిప్పుకే పలు రంగులు తెచ్చే పద్ధతికి పేరు తెచ్చారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో చదివి ఎచింగ్‌లతోనే పేరు తెచ్చుకున్నారు.

యానిమేషన్ గురించి దాచకుండా చెబుతాను. లక్షల ఫీజు కట్టి, సాఫ్ట్‌వేర్ తప్ప గీయడం సరిగా నేర్వని పిల్లలు మూడో ఏట నా దగ్గరకొచ్చి ఏడ్చిన సందర్భాలున్నాయి. వాళ్లు మొదట చేయాల్సిన చిన్న పనులే ఇప్పుడు ఏఐ చేతికి పోతున్నాయి. మంచి కాలేజీలు లేవనను, ఆ రంగంలో బాగా స్థిరపడ్డ పిల్లలూ నాకు తెలుసు, కానీ పిల్లకు ఇష్టం లేకుండా, చుట్టాలకు చెప్పుకోడానికి బాగుంటుందని అందులో వేయకండి.

ప్రింట్‌మేకింగ్‌లో మొదటి కొన్నేళ్లు నెల జీతం ఆశించకండి. ప్రెస్ బరువైనది, ఖరీదైనది, ఇంట్లో పెట్టుకోవడం కష్టం, ఢిల్లీలోని గఢీ లాంటి ఉమ్మడి స్టూడియోలే దిక్కు. పాఠాలు చెప్పడం, వేరే చిత్రకారుల రేకుల నుంచి ప్రింట్లు తీసివ్వడం లాంటి పనులుంటాయి. అందుకే బీఎఫ్‌ఏతో ఆపకుండా ఎంఎఫ్‌ఏ (అందులోనే పీజీ) కూడా చేయించండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా, శాంతినికేతన్ ఉన్నాయి. అంత ఓపిగ్గా కొండలు గీస్తున్న పిల్ల గాలికి తిరుగుతుందని భయపడకండమ్మా, రేకు పాడైతే మళ్లీ మొదటినుంచి చేయాల్సిన ఈ పనిని సోమరిపిల్లలు కోరుకోరు.

ఎంట్రన్స్ సంగతులు తనే చూసుకుంటుంది. మీరు మాత్రం తనతో కాలేజీకి వెళ్లి ప్రెస్ నడుస్తోందా, యాసిడ్ గదిలో పొగ బయటకు లాగే ఫ్యాన్లున్నాయా అని కళ్లారా చూడండి. లేకపోతే ఆ కాలేజీ వద్దు.