స్లైడ్ మూలన లోగో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, అలంకరణ వస్తువులు చేసే కుటుంబాలవాళ్లం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. కొనుగోలుదారులకూ, జిల్లా అధికారులకూ చూపించడానికి గూగుల్ స్లైడ్స్‌లో ప్రెజెంటేషన్ తయారుచేశాం. కొంగ బొమ్మ, దాని కింద తెలుగు, ఒడియా, ఇంగ్లిషు లిపుల్లో సంఘం పేరు, ఇదీ మా లోగో. ప్రతి స్లైడ్‌లోనూ అతికిస్తున్నాం గానీ ఒక్కోచోట ఒక్కో కొలతలో పడుతోంది. ముదురు రంగు స్లైడ్ల మీద దాని చుట్టూ తెల్ల పెట్టె కనిపిస్తోంది. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: లోగోను స్లైడ్ల మీద అతికించడం మానేసి, స్లైడ్లన్నిటికీ ఆధారమైన థీమ్‌లో ఒక్కసారి పెట్టండి. స్లైడ్ మెనూలో ‘ఎడిట్ థీమ్’ నొక్కితే ఎడమవైపు చిన్న చిన్న నమూనాల వరుస వస్తుంది. అందులో అన్నిటికన్నా పైనున్నది థీమ్, దాని కిందివి లేఅవుట్లు, అంటే ఒక్కో రకం స్లైడ్‌కు అమరికలు. పై దాని మీద లోగో చేరిస్తే అన్ని లేఅవుట్లలోకీ, వాటితో చేసిన స్లైడ్లలోకీ అదే చోట, అదే కొలతలో వచ్చేస్తుంది. ఆ తరువాత మామూలు స్లైడ్‌లో ఎవరు నొక్కినా అది కదలదు, పొరపాటున చెరిగిపోదు కూడా. ఇదివరకు అతికించినవాటిని మాత్రం మీరే తీసేయాలి. మొదటి స్లైడ్‌కు మూలలోగో వద్దనుకుంటే, థీమ్ మీద కాకుండా, టైటిల్ లేఅవుట్‌ను వదిలి మీరు వాడే మిగతా లేఅవుట్లలో పెట్టుకోండి.

ఇలా చేశాక కూడా కొన్ని స్లైడ్లలో లోగో మాయమైందని మీకు అనిపించవచ్చు. థీమ్‌లోని బొమ్మ ఎప్పుడూ స్లైడ్‌లోని వస్తువులకు అడుగున ఉంటుంది కాబట్టి, స్లైడంతా నిండేలా ఫొటో పెడితే అది లోగోను కప్పేస్తుంది. అటువంటి ఫొటోను మామూలు బొమ్మగా కాక, స్లైడ్ మెనూలోని ‘చేంజ్ బ్యాక్‌గ్రౌండ్’ ద్వారా నేపథ్యంగా పెడితే లోగో దాని మీద కనిపిస్తుంది.

తెల్ల పెట్టెకు కారణం బహుశా మీ ఫైలు జేపీజీ రకం బొమ్మ కావడం. ఆ పద్ధతిలో పారదర్శకత ఉండదు, ఖాళీ జాగా కూడా ఏదో ఒక రంగుతో నిండాల్సిందే. లోగో గీసినవారి దగ్గర పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీ ఫైలు అడిగి తీసుకోండి. దాన్ని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మళ్లీ జేపీజీగా మారి, నాణ్యత కూడా తగ్గి చేతికొస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఎస్‌వీజీ అనే మరో రకం బొమ్మ ఫైలిస్తే గూగుల్ స్లైడ్స్ తీసుకోదు. ముదురు స్లైడ్ల కోసం అదే లోగో తెలుపు రంగులో ఇంకొకటి చేయించుకోవడం మంచిది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. మూడు లిపుల పేరును మూలన పెట్టవద్దు. గూగుల్ స్లైడ్స్‌లో మామూలు (16:9) స్లైడ్ వెడల్పు 10 అంగుళాలుంటుంది. అందులో మూలలోగోకు ముప్పావు అంగుళం మించి ఇస్తే విషయానికి చోటు తగ్గుతుంది. ఆ కొలతలో తెలుగు వత్తులూ, ఒడియా అక్షరాల గుండ్రటి తలలూ వెనక వరుసలో కూర్చున్నవారికి చుక్కల్లా కనిపిస్తాయి. మీ సరిహద్దు జిల్లాల్లో మూడు లిపులూ అవసరమే, కాదనను. కానీ వాటి చోటు పెద్దక్షరాలకు వీలున్న మొదటి స్లైడ్, చివరి స్లైడ్. మూలన కొంగ బొమ్మ ఒక్కటే చాలు. పేరును టైపు చేసిన అక్షరాలుగా కాక బొమ్మగానే ఉంచండి. పవర్‌పాయింట్ ఫైలుగా దింపుకుని వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అక్కడ ఆ ఫాంట్ లేకపోతే అక్షరాల రూపమే మారిపోతుంది.

ప్రశ్న: ఉచిత ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్లు మన స్లైడ్ల మీద వాటి లోగో వేస్తాయా? వేస్తే దాన్ని తీసేసి మా ట్యుటోరియల్ లోగో పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఇది సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. గూగుల్ స్లైడ్స్‌లో ప్రదర్శించే స్లైడ్ల మీద కంపెనీ గుర్తు పడదు. వెబ్‌లో ప్రచురించి ఇతర పేజీలో చేర్చినప్పుడు మాత్రం అడుగున దాని పేరున్న పట్టీ కనిపిస్తుంది. కాన్వా అనే డిజైన్ వెబ్‌సైట్‌లో ఉచిత బొమ్మలే వాడితే వాటర్‌మార్క్ (బొమ్మ మీద పడే కంపెనీ ముద్ర) రాదు, డబ్బు కట్టాల్సిన బొమ్మ ఒక్కటి చేరినా వస్తుంది. అందులో లోగోలు దాచుకునే బ్రాండ్ కిట్ ప్రధానంగా చందాదారులకే గనుక, ఉచితంగా వాడేవారు మొదటి పేజీలో లోగో పెట్టి, లాక్ చేసి, ఆ పేజీకే నకళ్లు తీసుకుంటూ పోవడం తేలిక. కంపెనీ గుర్తు వేసే చోట దాన్ని తొలగించే హక్కు సాధారణంగా చందాతోనే వస్తుంది. దాని మీద తెల్ల పెట్టె అతికించి మీ లోగో పెట్టడం నిబంధనలకు విరుద్ధం కావచ్చు, చూసేవారికి అతుకు కూడా తెలిసిపోతుంది.

ప్రశ్న: మా బడిలో పాత ప్రొజెక్టర్ ఉంది. దాని మీద గుండ్రటి లోగో కోడిగుడ్డులా సాగిపోతోంది.
— ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: ముందు స్లైడ్‌లో లోగో గుండ్రంగానే ఉందో లేదో చూడండి. అక్కడే సాగి ఉంటే ఎవరో పక్కనున్న చుక్కను పట్టుకుని లాగి ఉంటారు. బొమ్మ కొలత మార్చేటప్పుడు మూలనున్న చుక్కనే పట్టుకోవాలి. స్లైడ్‌లో బాగానే ఉంటే లోపం ప్రొజెక్టర్ అమరికలో ఉంది, దాని మెనూలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని సరిచేయండి. ప్రొజెక్టర్ 4:3 దైతే ఫైల్ మెనూలోని ‘పేజ్ సెటప్’లో ఆ కొలతనే ఎంచుకుని, ఆ తరువాతే థీమ్‌లో లోగో పెట్టండి.