రాని సరుకుకు సంతకం పెట్టమంటే జవాను ఏం చేయాలి?

రాని సరుకు వచ్చినట్టు స్టోరు లెడ్జరులో సంతకం పెట్టమని పై అధికారి మీ తమ్ముణ్ణి ఒత్తిడి చేస్తున్నారనీ, కాదంటే కోర్టు మార్షల్ తప్పదని అతడు భయపడుతున్నాడనీ రాశారు. 1950 నాటి సైన్య చట్టంలోని 41వ సెక్షన్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడాన్ని మాత్రమే; తెలిసి తెలిసి అధికారిక పుస్తకంలో అబద్ధం రాయడం అదే చట్టంలోని 57వ సెక్షన్ కింద 14 ఏళ్ల వరకు జైలు పడగల నేరం కనుక, అలా రాయమన్న ఆజ్ఞకు అతడు తలవంచనక్కరలేదు, తలవంచకూడదు కూడా. రేపు విచారణ జరిగితే లెడ్జరులో కనిపించేది అతని సంతకమే.

అయితే కష్టమైన డ్యూటీ, నచ్చని పోస్టింగు ఈ కోవలోకి రావు; వాటిని కాదంటే శిక్ష నిజంగానే పడుతుంది.

నిరాకరించే తీరు చాలా ముఖ్యం. గొంతు పెంచకుండా, "సార్, సరుకు చూసి, లెక్కపెట్టుకుని సంతకం చేస్తాను" అని మర్యాదగా చెప్పి, తేదీ, సమయం, అక్కడున్నవారి పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోమనండి. ఒత్తిడి ఆగకపోతే 26వ సెక్షన్ కింద కంపెనీ కమాండరుకు, ఒత్తిడి చేస్తున్నది ఆయనే అయితే ఆయన పై అధికారికి ఫిర్యాదు చేసుకునే హక్కు అతనికి ఉంది. లెడ్జరు ఫోటోలు మాత్రం దయచేసి వాట్సాప్‌లో ఎవరికీ పంపనివ్వకండి.