స్వాతి చినుకు పడితేనే ఆల్చిప్పలో ముత్యం పుడుతుందా?

కాదు. ముత్యానికి మూలం వాన చినుకు కాదు, ఇసుక రేణువు కూడా చాలా అరుదు. ఆల్చిప్ప గుల్లకు లోపలివైపు అంటుకొని ఉండే ప్రావారం అనే పలుచని కణజాలపు మడత గుల్లను నిర్మిస్తుంది. పరాన్నజీవి వల్లనో గాయం వల్లనో ఆ మడతలోని కొన్ని పైపొర కణాలు శరీరం లోపలికి చేరితే, అవి ఒక సంచిలా ఏర్పడి, అలవాటైన పనినే అక్కడా కొనసాగిస్తాయి. కాల్షియం కార్బొనేట్ పలకలు, ఒక్కొక్కటి సుమారు అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండు వేలవ వంతు) మందంతో, ప్రోటీన్ జిగురుతో పొరలుపొరలుగా పేరుకుంటాయి. ముత్యపు మెరుపు ఆ పొరల నుంచి కాంతి పరావర్తనం చెంది, ఆ కిరణాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల వచ్చేదే.

పెంపకంలో మనిషి చేసేది ఈ ప్రమాదాన్ని కావాలని కల్పించడమే. మన్నార్ సింధుశాఖలో దొరికే పింక్టాడా ఫ్యుకాటా జాతి ఆల్చిప్పను మెంథాల్‌తో మత్తెక్కించి, చిప్ప కొద్దిగా తెరుచుకున్నాక, జననగ్రంథిలో చిన్న కోత పెట్టి గుండ్రని పూసను, దానికి ఆనించి మరో ఆల్చిప్ప నుంచి కోసిన రెండు మూడు మిల్లీమీటర్ల ప్రావారపు ముక్కను ఉంచుతారు. ముక్క పూసను తాకకపోతే ముత్యం రాదు. నైపుణ్యమంతా అక్కడే ఉంది. పూసను మంచినీటి ఆల్చిప్ప గుల్లతోనే చేస్తారు, ఎందుకంటే దాని సాంద్రత, వేడికి వ్యాకోచించే తీరు ముత్యపు పొరకు దగ్గరగా ఉండి, తర్వాత రంధ్రం చేసేటప్పుడు ముత్యం పగలదు. మన దేశంలో ఈ పద్ధతి 1973లో తూత్తుకుడిలో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కృషితో ఫలించింది.

మన చెరువుల్లో చేసేది వేరు: అక్కడ లామెల్లిడెన్స్ వంటి మంచినీటి ఆల్చిప్పలను వాడతారు. శస్త్రచికిత్సలో చేయి తిరగక ముందే పెద్ద పెట్టుబడి పెట్టవద్దని నా గట్టి సలహా.