కొత్తగా తెచ్చుకున్న పిల్ల బడ్జీలను డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

రెండు నెలల వయసున్న బడ్జీ పిల్లలను రెండింటిని పెంచుకోవడానికి తెచ్చుకుని ఇంకా వారం కాలేదని, వాటిలో ఒకటి పగటిపూట ఎక్కువసేపు ఈకలు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుంటోందని, అప్పుడప్పుడూ తుమ్ముతోందని, రెండోది మాత్రం హుషారుగా ఉందని మీరు రాశారు. కొత్త చోటికి బెదిరాయనుకుని మరికొన్నాళ్లు ఆగాలా, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా, పిల్లలను ఇచ్చినవారు చేతిలో పెట్టిన యాంటీబయోటిక్ పొడిని నీళ్లలో కలపవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. చాలా ఏళ్లుగా బడ్జీలను పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఆగవద్దు. రెండింటినీ తీసుకెళ్లండి, హుషారుగా ఉన్నదాన్ని కూడా. పొడి సంగతి కింద వివరంగా రాస్తాను. ఈలోగా దాన్ని కలపకండి.

బడ్జీ ఆస్ట్రేలియాలోని మెట్ట మైదానాల్లో గుంపులు గుంపులుగా తిరిగే చిన్న చిలకజాతి పక్షి. గుంపులో నలతగా కనబడినదాని మీదే డేగ కన్ను పడుతుంది కాబట్టి, ఒంట్లో బాగోలేకపోయినా బాగున్నట్టే మసలడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం, పంజరంలో పుట్టి పెరిగిన పిల్లకు కూడా ఆ గుణం పోదు. జబ్బుపడిన బడ్జీ గిన్నె దగ్గరికి వెళ్తుంది, గింజను ముక్కుతో పట్టి పొట్టు ఒలుస్తుంది, లోపలి పప్పును మింగకుండా జారవిడుస్తుంది. దూరం నుంచి చూసేవారికి అది కడుపునిండా తింటున్నట్టే ఉంటుంది. అందుకే కంటికి కనబడే హుషారును నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. నేను నమ్మేవి రెండే: కాటా మీద బరువు, పంజరం అడుగున రెట్ట.

మామూలు బడ్జీ 30 నుంచి 40 గ్రాముల మధ్య తూగుతుంది. 30 గ్రాముల పక్షి 3 గ్రాములు తగ్గిందంటే ఒంటి బరువులో పదో వంతు పోయినట్టు, అది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. కానీ ఆ 3 గ్రాములు ఈకల కింద ఎంతమాత్రం కనబడవు. ఒక గ్రాము తేడాను చూపించే వంటింటి డిజిటల్ కాటా ఇందుకు సరిపోతుంది. ఉదయం తొలి రెట్ట వేశాక, ఇంకా మేత ముట్టకముందు తూస్తే అంకెలు నిలకడగా వస్తాయి. బెదిరి ఉన్న పిల్లను చేత్తో పట్టి తూయడం మంచిది కాదు కాబట్టి, చిన్న డబ్బాలో కొర్ర కంకి ముక్క ఒకటి పెట్టి, డబ్బా బరువును ముందే సున్నా చేసుకుని, పిల్ల తనంతట తాను లోపలికి దిగేలా అలవాటు చేయాలి. అది అలవాటయ్యేవరకు డాక్టరు దగ్గర తీసిన బరువే మీకు మొదటి అంకె అవుతుంది. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా పోల్చి చూసుకోవడానికి ఆ అంకె ఉండాలి. పక్షి బాగున్నప్పుడే డాక్టరుకు చూపించమని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉంది. ఒకే గూటి నుంచి వచ్చిన రెండు పిల్లల్లో ఒకటి మూల పట్టుకుని కూర్చునేది, రెండోది అరుపులతో ఇల్లు ఎగరగొట్టేది, ఎప్పుడు చూసినా మేత గిన్నె మీదే ఉండేది. అందరి బెంగా మొదటిదాని మీదే. తీరా తూస్తే మూలన కూర్చున్నది గ్రాము కూడా తగ్గలేదు, గిన్నె వదలనిదేమో 33 గ్రాముల నుంచి 29కి జారింది. దాని రెట్టలో అరగని గింజలు పప్పు పప్పుగానే కనబడ్డాయి. డాక్టరు తాజా రెట్టను గాజుపలక మీద పలుచగా పరిచి సూక్ష్మదర్శినిలో చూసి, పొడవాటి పుల్లల్లాంటి జీవులను నాకూ చూపించారు. అవి మాక్రోరాబ్డస్ అనే ఈస్టు జాతి శిలీంద్రం. జీర్ణాశయం కందనకాయతో కలిసే చోట అది కాపురం పెట్టి తిండిని అరగనివ్వదు, దాంతో పక్షి ఆకలికొద్దీ తింటూనే చిక్కిపోతుంది. పూర్వం దాన్ని బ్యాక్టీరియా అనుకుని మెగాబ్యాక్టీరియా అని పిలిచేవారు, ఇప్పటికీ కొందరి నోట ఆ పేరే వినబడుతుంది. శిలీంద్రం కాబట్టి యాంటీబయోటిక్ దానికి పనిచేయదు. ఆంఫోటెరిసిన్ బి అనే మందును వారాల తరబడి నోటి ద్వారా వేయవలసి వచ్చింది. మూలన కూర్చున్నదానికి బెరుకు తప్ప ఏ జబ్బూ లేదు, కానీ తోడుగా ఉన్నది కాబట్టి దాని రెట్టనూ పరీక్షించారు.

ఇక బెరుకుకూ జబ్బుకూ తేడా ఎలా పట్టాలన్నది. పిల్ల పక్షులు పగలు కూడా కునుకు తీస్తాయి. ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, తల వెనక్కి తిప్పి ఈకల్లో పెట్టుకుని, చిన్న చప్పుడుకే తటాలున కళ్లు తెరిచి సన్నగా నిటారుగా అయిపోయేది నిద్రపోతున్న ఆరోగ్యమైన పిల్ల. పడుకునే ముందు ముక్కును పటపట నూరుకోవడం కూడా మంచి లక్షణమే. రెండు కాళ్ల మీదా కూర్చుని, ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసి, మీరు దగ్గరికి వెళ్లినా ఈకలు దించకుండా ఉంటే అనుమానించాలి. కూర్చున్నచోటే ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందకీ ఊగుతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముఖం మీద ఈకలు వాంతితో అట్టకట్టినా, పంజరం అడుగున దిగి కూర్చున్నా, రక్తం కనబడినా మర్నాటి దాకా ఆగకూడదు, ఆ రోజే తీసుకెళ్లాలి.

తుమ్ము సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఈకలు సవరించుకునేటప్పుడు రేగే పొడికి బడ్జీలు రోజుకు కొన్నిసార్లు పొడిగా తుమ్ముతాయి, దానికి కంగారుపడనక్కరలేదు. ముక్కు రంధ్రాల పైనున్న చిన్న ఈకలను దగ్గరగా చూడండి. అవి తడిసి ఉన్నా, గోధుమరంగు మరకతో అంటుకుపోయి ఉన్నా, ఒక రంధ్రం పూడుకుపోయినట్టు ఉన్నా అది పొడి తుమ్ము కాదు.

రెట్టను చూడడానికి పంజరం అడుగున ఏ రాతా లేని తెల్లకాగితం పరచండి. మంచి రెట్టలో మూడు భాగాలు విడివిడిగా కనబడతాయి: చుట్ట తిరిగిన ఆకుపచ్చ లేదా గోధుమరంగు మలం, సున్నం తెలుపులో మూత్రలవణం, చుట్టూ కొద్దిపాటి నీటి చెమ్మ. బెదిరినప్పుడు నీళ్లగా పడడం సహజం, కొన్ని గంటల్లో మళ్లీ సర్దుకుంటుంది. తెల్లని భాగం పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారితే కాలేయం మీద దెబ్బ తగులుతోందని అనుమానించాలి, మలం తారు నలుపులోకి దిగితే లోపల రక్తస్రావం ఉండవచ్చు. రెట్టలు బాగా తగ్గిపోయి, చిన్నగా ముదురాకుపచ్చగా పడుతుంటే పిల్ల తినడం లేదని అర్థం.

ఈ చివరిది మీరు ముందుగా చూసుకోవలసిన విషయం. బడ్జీ పిల్లలు సుమారు 5 వారాలకు గూడు వదిలి, ఆ తర్వాతే సొంతంగా గింజలు ఒలవడం నేర్చుకుంటాయి. మీకు చెప్పిన వయసు నిజమో కాదో కొంతవరకు మీరే పోల్చుకోవచ్చు: నుదుటి మీది నల్లటి చారలు ముక్కు మొదలు దాకా ఉండి, కళ్లు తెల్లని వలయం లేకుండా పూర్తిగా నల్లగా ఉంటే, అది ఇంకా మొదటిసారి ఈకలు రాల్చని పిల్ల. సాధారణంగా 3 లేదా 4 నెలలకు ఆ చారలు వెనక్కి తగ్గుతాయి. అంత చిన్నవాటికి కొత్త గిన్నె మేత గిన్నె అని తెలియకపోవచ్చు. పంజరం అడుగున శుభ్రమైన కాగితం మీద గింజలు చల్లండి, అవి కూర్చునే కర్ర పక్కనే కొర్ర కంకి కట్టండి. నిండుగా ఉన్న గిన్నెను చూసి మోసపోకండి. ఒలిచిన పొట్టంతా పైన పేరుకుని గిన్నె నిండినట్టే కనబడుతుంది, మెల్లగా ఊదితే పొట్టు ఎగిరి అడుగున నాలుగు గింజలు తేలతాయి. ఇంత చిన్న పక్షి ఒక రోజు పూర్తిగా తినకపోయినా ప్రాణం మీదికి వస్తుంది.

కొత్త పక్షిని రెండు వారాలు ముట్టుకోకుండా వదిలేయమనే సలహా మీకు చాలాచోట్ల కనబడుతుంది. మచ్చిక చేసుకోవడానికి అది మంచి సలహానే, ఆరోగ్యానికి దాన్ని వర్తింపజేయడం మాత్రం నాకు నచ్చదు. ఆ రెండు వారాల్లో ఒక జబ్బు మొదలై ముగిసిపోగలదు.

డాక్టరును ఎంచుకునేటప్పుడు పక్షులను తరచూ చూసేవారా అని ముందే ఫోనులో అడగండి. రెట్టను సూక్ష్మదర్శినిలో చూస్తారా, గ్రాముల్లో తూసే కాటా ఉందా అన్న రెండు ప్రశ్నలు చాలు, జవాబును బట్టి మీకే తెలిసిపోతుంది. ప్రయాణానికి పెద్ద పంజరం వద్దు. చిన్న డబ్బాలాంటి పంజరంలో అడుగున తువ్వాలు పరిచి, నీళ్ల గిన్నె తీసేసి, తడి కోసం ఒక దోసకాయ ముక్క పెట్టి, పైన పలుచని బట్ట కప్పి, రెండింటినీ కలిపే తీసుకెళ్లండి. ఆ రోజు రెట్ట పడిన కాగితం, మీరు పెడుతున్న మేత, పంజరం ఫోటో వెంట ఉండాలి.

మంచి డాక్టరు వచ్చీరాగానే పక్షిని పట్టుకోరు. కాసేపు పంజరంలోనే ఉంచి కూర్చునే తీరు, ఊపిరి తీసే తీరు గమనిస్తారు. పట్టుకున్నప్పుడు తలను రెండు వేళ్ల మధ్య నిలిపి ఛాతీని వదులుగా వదిలేస్తారు. పక్షికి మనలాగా విభాజక పటలం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండర పొర) లేదు కాబట్టి ఛాతీ కదిలితేనే గాలి ఆడుతుంది, అక్కడ గట్టిగా నొక్కితే ఊపిరి ఆగిపోతుంది. వేలితో రొమ్ము ఎముకను తడిమి చూస్తారు. రెండు పక్కలా కండ నిండుగా ఉంటే ఎముక అంచు పెద్దగా తగలదు, చిక్కినదానికి పదునుగా తగులుతుంది. తర్వాత నోరు, కళ్లు, ముక్కు మీది మెత్తని పొర, కాళ్లు, మలద్వారం చూస్తారు. అవసరమనిపిస్తే మెడ కింది మేత సంచి నుంచి దూదిపుల్లతో తడి తీసి ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం వెతుకుతారు. ముక్కు మూలల్లో తేనెపట్టులా చిన్న చిన్న రంధ్రాలున్న తెల్లని పెచ్చు కనబడితే అది గజ్జి పురుగు, ఐవర్‌మెక్టిన్ చుక్కతో తగ్గుతుంది. కొన్ని పిల్లలకు రెక్కల, తోకల పెద్ద ఈకలు రాలిపోయి ఎగరలేకపోవడానికి వైరసులు కారణమవుతాయి, వాటిని జన్యుపదార్థం ద్వారా గుర్తించే పిసిఆర్ పరీక్ష ఉంది.

రక్తపరీక్ష గురించి మాత్రం అడిగి తెలుసుకోండి. 30 గ్రాముల పక్షి ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 3 మిల్లీలీటర్లు, అందులో భయం లేకుండా తీయగలిగేది 0.3 మిల్లీలీటరుకు మించదు. అనుమానించదగ్గ లక్షణం ఏదీ లేని పిల్లకు బరువు, రెట్ట పరీక్ష, చేత్తో తడిమి చూడడం సరిపోతాయని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ పొడి సంగతి. బడ్జీ ఎండనేల పక్షి, చాలా కొద్దిగా నీళ్లు తాగుతుంది, నీళ్ల రుచి మారితే ఆ కొద్దీ మానేస్తుంది. కాబట్టి నీళ్లలో కలిపిన మందు ఎంత లోపలికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. జబ్బు శిలీంద్రం వల్ల వచ్చినదైతే యాంటీబయోటిక్ వృథా, పైగా పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి శిలీంద్రానికే చోటు ఇస్తుంది. బ్యాక్టీరియా వల్ల వచ్చినదైతే అరకొర మోతాదు పరీక్షలో దాన్ని కనబడకుండా చేయవచ్చు. ఆ పొట్లాన్ని పారేయకుండా డాక్టరుకు చూపించండి. పిల్లలకు అంతకుముందే అది పట్టించారేమో కూడా దాన్నిబట్టి తెలుస్తుంది. చుక్కల మందును నోట్లో వేయడం కూడా ఒకసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకున్నాకే చేయాలి, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుంది.

అపాయింట్‌మెంటు దొరికేలోగా ఉబ్బి కూర్చునే పిల్లకు వెచ్చదనం ఇవ్వండి. పంజరానికి ఒక పక్క మాత్రమే 30 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి తగిలేలా దీపం అమర్చి, రెండో పక్క చల్లగా వదిలేస్తే ఎటు కూర్చోవాలో పక్షే చూసుకుంటుంది. ఆ వెచ్చదనం కోసం పంజరాన్ని వంటింట్లోకి మాత్రం తేవద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే వాసన లేని పొగ బడ్జీలను నిమిషాల్లో చంపుతుంది.

చివరగా మీ గురించి ఒక మాట. చిలకజాతి పక్షుల నుంచి మనుషులకు సోకే సిటకోసిస్ అనే జబ్బు ఉంది. ఎండిన రెట్ట ధూళి పీల్చడం ద్వారా వస్తుంది, సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, తలనొప్పి, పొడి దగ్గుగా బయటపడుతుంది, సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్‌తో తగ్గుతుంది. పంజరం అడుగు కాగితాన్ని తీసేముందు దాని మీద కొద్దిగా నీళ్లు చిలకరించి తడపండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఈ నెలలో ఇంట్లో ఎవరికైనా అటువంటి జ్వరం వస్తే, కొత్తగా బడ్జీలను తెచ్చుకున్నామని మీ డాక్టరుకు మీరే చెప్పండి; ఆయన అడిగేదాకా ఆగకండి.